హీరో ఎందుకు మాట్లాడడు?

రోల్ ప్లేయింగ్ గేముల్లో, అంటే ఆటగాడే కథలో ఒక పాత్రగా మారి ఆడే ఆటల్లో, హీరోకు గొంతు ఉండాలా, అక్కర్లేదా అన్న వాదన విజయవాడకు ఆలస్యంగా చేరింది. 1990లలో బీసెంట్ రోడ్డులో కొనుక్కున్న టీవీ గేము క్యాసెట్లలో దూకడం, కాల్చడమే పని. హీరో మౌనం ఎవరికీ పట్టలేదు. గంటల తరబడి కథ చదువుతూ ఆడే ఆటలు ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాకే అలవాటయ్యాయి.

జపాన్‌లో ఈ మౌనం అంతకుముందే స్థిరపడింది. 1986లో యూజీ హోరీ రూపొందించిన డ్రాగన్ క్వెస్ట్‌లో హీరోకు పేరు పెట్టేది ఆటగాడే. రాజు మొదలు ఊరివాళ్ల దాకా అందరూ మాట్లాడతారు, అతను అవును, కాదు అంటాడు, అంతే. ఊళ్లు, కోటలు, రాక్షసులు అన్నీ 64 కిలోబైట్లలో ఇరికించాల్సిన రోజుల్లో ఈ పద్ధతి పొదుపుగానూ కలిసొచ్చింది.

హోరీ చేయి ఉన్న మరో ఆట, 1995 నాటి క్రోనో ట్రిగర్, ఈ పద్ధతికి అసలు బలం చూపించింది. తిరునాళ్లలో ఒక పెద్దాయన భోజనం కనిపిస్తుంది. ఆకలి ఊరుకోదు, తినేస్తాం. తర్వాత కోర్టులో అదే మనకు వ్యతిరేకంగా సాక్ష్యం! హీరో క్రోనో పెదవి విప్పడు, కానీ చేసిన పనికి జవాబు చెప్పుకోవాల్సింది మనమే. నా లెక్కలో ఆటగాణ్ని కట్టిపడేసేది ఈ జవాబుదారీతనమే. అది లేని మౌనం ఉత్త బండతనం. 2017 నాటి డ్రాగన్ క్వెస్ట్ 11లో సొంత ఊరు బూడిదైనా హీరో ముఖంలో పెద్దగా చలనం లేదని చాలామంది విసుక్కున్నారు, న్యాయమే.

2007లో మాస్ ఎఫెక్ట్ హీరోకు గొంతు ఇచ్చి మెప్పించింది. 2015లో ఫాలౌట్ 4 అదే బాట పట్టి చీవాట్లు తింది: ఎంచుకోవడానికి నాలుగే జవాబులు, తెరపై రెండు ముక్కలు, హీరో నోట వచ్చేది మరొకటి. పైగా పటమట కుర్రాడు మనసులో తెలుగులో అనుకున్న మాటను తెర మీద ఆ ఆట హీరో అయిన బోస్టన్ మనిషి తన యాసలో చెప్పేస్తాడు. గొంతు లేనప్పుడు ఈ తంటా లేదు.

ఫాలౌట్ 4 తీసిన బెథెస్డా సంస్థే 2023లో స్టార్‌ఫీల్డ్ హీరోను మళ్లీ మౌనిని చేసింది. ఆ ఏడాదే వచ్చిన బాల్డర్స్ గేట్ 3లోనూ సంభాషణల్లో చుట్టూ అందరికీ గొంతులున్నాయి, ఆటగాడు ఎంచుకున్న జవాబు మాత్రం అక్షరాల్లోనే ఉంటుంది.