ఉద్దానం నీటిలో సిలికా: హద్దు రాయని చోట మొదలైన తగవు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు బోరునీటిలోని సిలికాయే (ఇసుక, రాళ్ళలో ఉండే సిలికాన్ ఖనిజమే) కారణమా అన్న వాదన మళ్ళీ వినబడుతోంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల వెతలు పాఠకులకు తెలిసినవే కనుక, తగవును ఇక్కడిదాకా తెచ్చిన మలుపు దగ్గరికే వెళ్దాం.

అది ఉద్దానంలో వచ్చిన మలుపు కాదు. 1970లో న్యూబర్న్, విల్సన్ అనే పరిశోధకులు కుక్కలకు నాలుగు రకాల సిలికాన్ సమ్మేళనాలను మేతలో కలిపి పెట్టగా, సోడియం సిలికేటు, మెగ్నీషియం ట్రైసిలికేటు తిన్నవాటి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి; సిలికాన్ డయాక్సైడు, అల్యూమినియం సిలికేటు తిన్నవాటికి ఆ హాని కలగలేదు. అవే పెట్టిన ఎలుకలు సైతం క్షేమంగా ఉన్నాయి. సిలికాన్ మూలకం ఒక్కటే అయినా, అది ఏ రూపంలో ఏ ప్రాణి ఒంట్లోకి వెళ్ళిందన్నదే అసలు ప్రశ్న అని అప్పుడే తేలింది. సిలికా ఒంటికి పనికొచ్చిన సందర్భమూ ఉంది: అంతకు ముందు ఏడాదే లారీ హెంచ్ అనే పరిశోధకుడు అమెరికాలో 45 శాతం సిలికాతో చేసిన బయోగ్లాసు అనే గాజు ఎముకకు అతుక్కుంది. ఆ గాజు నుంచి కరిగే సిలిసిక్ ఆమ్లం కూడా చివరికి మూత్రపిండాల గుండానే బయటికి పోవాలి.

ఉద్దానం భూగర్భజలంలో సిలికా ఎక్కువని పరిశోధకులు రాశాక పల్లెల్లో అనుమానం బలపడింది. అయితే మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో ఫ్లోరైడుకు, నైట్రేటుకు, ఆర్సెనిక్‌కు హద్దులున్నాయి, సిలికాకు లేదు. అందువల్ల సిలికా ఎంత ఉన్నా, ఆ ఒక్క కారణంతో నీరు తాగరానిదని రాయడానికి అధికారికి ఆధారం దొరకదు. రంగూ రుచీ తెలియని సిలికాను తాగేవారూ పోల్చుకోలేరు. కాగు అడుగున కట్టిన తెల్లని పెచ్చులో చింతపండు పులుసుకు వదిలేది సున్నమే, సిలికా కాదు.

ఎండలో చెమటోడ్చే కూలిపని, పురుగుమందులు, వంశపారంపర్యం కలిసి జబ్బు తెస్తున్నాయన్న వైద్యుల వాదన తీసిపారేయదగ్గది కాదు, సిలికాయే దోషి అని రుజువూ కాలేదు. అయినా 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకాన్ని ప్రారంభించడంతో, నీటిపై అనుమానానికి సర్కారు ముద్ర పడినట్టే జనం భావించారు. ఆ నీరు చేరేది ఇంటి కుళాయికి. మిట్టమధ్యాహ్నం జీడితోటలో దాహమేసిన కూలీ సీసా నింపుకొనేది మాత్రం అక్కడి బోరు దగ్గరే.