నెత్తురు ఆగాక మొదలయ్యే నష్టం

మెదడులో రక్తనాళం చిట్లి, కారిన నెత్తురు గడ్డకట్టింది కాబట్టి తీసేస్తే సరి. వినడానికి ఇంతకన్నా సూటి వైద్యం లేదు. లండన్‌లో విలియమ్ మకిసాక్ బృందం 180 మందిపై దీన్ని పరీక్షించి 1961లో వెల్లడించిన ఫలితం మాత్రం శస్త్రచికిత్స వైపు మొగ్గలేదు. అప్పటికి సీటీ స్కాన్ లేదు కదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ 2005లో, వెయ్యిమందికి పైగా రోగులతో సాగిన స్టిచ్ అధ్యయనమూ అదే మాట చెప్పింది. త్వరగా గడ్డ తీసినవారికీ, ముందు మందులతో నెట్టుకొచ్చినవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

లోతున ఉన్న గడ్డను చేరాలంటే మంచి మెదడును చీల్చుకుంటూ వెళ్లాలి, అది ఒక కారణం. రెండో కారణం గడ్డ లోపలే ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జూలియన్ హాఫ్, గువోహువా షీ తదితరులు 1990లలో ఎలుకల మెదడులోకి రక్తంలోని భాగాలను విడివిడిగా ఎక్కించి చూశారు. నెత్తురును గడ్డకట్టించే త్రాంబిన్‌ను విడిగా ఎక్కించినా వాపు వచ్చింది. చెక్కుచెదరని ఎర్రకణాలు ఎక్కిస్తే వాపు దాదాపు మూడో రోజుకు గానీ రాలేదు. ముందే పగలగొట్టి ఎక్కిస్తే ఒక్కరోజులోనే వచ్చింది. అంటే విషం కణం లోపలి సరుకులో ఉందన్నమాట.

ఆ సరుకు హిమోగ్లోబిన్. అందులో ఇనుమును పట్టి ఉంచే భాగమైన హీమ్‌ను హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ విడగొడితే ఇనుము బయటపడుతుంది. మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. 30 మిల్లీలీటర్ల గడ్డలో 15 మిల్లీగ్రాములు. రోజంతా తిన్న తిండిలోంచి మన పేగులు పీల్చుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములే! ఈ ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి పుట్టించే రాడికల్స్ అనే అతిచురుకైన అణువులు నాడీకణపు పొరలోని కొవ్వులను తగలబెడతాయి. నిల్వ నూనె చెడిపోవడం లాంటిదే ఇది, కాకపోతే బతికున్న కణంలో. కణంలోనే ఉండే గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం సాయంతో జీపీఎక్స్4 అనే ఎంజైమ్ కాసేపు అడ్డుకుంటుంది. అది చేతులెత్తేస్తే కణం చనిపోతుంది.

ఈ చావుకు ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టింది మెదడు శాస్త్రజ్ఞులు కారు. క్యాన్సర్ కణాలను చంపే రసాయనాలు వెతుకుతున్న కొలంబియా విశ్వవిద్యాలయపు బ్రెంట్ స్టాక్‌వెల్, స్కాట్ డిక్సన్ బృందం 2012లో పెట్టింది. దీన్ని అడ్డుకునే ఫెరోస్టాటిన్-1 రక్తస్రావమైన ఎలుకల మెదడులో నాడీకణాలను కాపాడిందని 2017లో తేలింది. చనిపోతున్న కణాల్లో నెక్రోప్టోసిస్ అనే మరో రకం చావు లక్షణాలూ కనిపించాయి కనుక దోషి ఒక్కరే అనుకోలేం.

మరి ఇనుమును పట్టేసే మందు లేదా? ఉంది, తలసీమియా పిల్లల కుటుంబాలకు బాగా తెలిసిన డిఫెరాక్సమిన్. ఎక్కువ మోతాదుతో మొదలైన పరీక్షను ఊపిరితిత్తుల సమస్య వల్ల ఆపాల్సి వచ్చింది. మోతాదు తగ్గించి సుమారు 290 మందిపై చేసిన పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. 90 రోజుల నాటికి ఆశించిన మేలు కనబడలేదు.

2024లో కథ మళ్లీ గడ్డ తీయడం దగ్గరికే వచ్చింది. సన్నని గొట్టం ద్వారా 24 గంటల్లోపు గడ్డను తొలగించిన ఎన్‌రిచ్ అధ్యయనంలో, మెదడు పైభాగాల్లో రక్తస్రావమైనవారు మెరుగ్గా కోలుకున్నారు. ఎర్రకణాలు పగిలేలోపే వాటిని బయటికి లాగేయడం వల్లే ఇది సాధ్యమైందా అన్నది నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న. లోతున ఉండే బేసల్ గాంగ్లియాలో మాత్రం ఆ మేలు కనిపించలేదు. అధిక రక్తపోటు వల్ల వచ్చే రక్తస్రావాలు ఎక్కువగా జరిగేది అలాంటి లోతైన చోట్లనే.