బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత మా వైపు వినిపించే మాటలు: అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో డైటీషియన్‌ని. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు నా దగ్గరికి జనగామ, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్ వైపుల నుంచి కూడా వస్తారు. చాలామంది హైదరాబాద్‌లో చేయించుకొని, కొద్ది రోజులకే డిశ్చార్జ్ అయి ఇల్లు చేరినవాళ్లు. అప్పటి నుంచి సర్జన్ దాదాపు 150 కిలోమీటర్ల అవతల ఉంటాడు. అత్తమ్మ, ఆడబిడ్డ, పక్కింటి వదినె, మెడికల్ షాపాయన, ఊళ్లో ఆర్‌ఎంపీ మాత్రం ఇంటి ముందే ఉంటారు. అందరూ ప్రేమతోనే సలహా చెప్తారు. కింద రాసిన అపోహల్లో సగం ఆ ప్రేమలోంచి పుట్టినవే.

మొదటి నెల గురించి ఇంటిల్లిపాదీ భయపడతారు. కుట్లు, జ్వరం, ఏం తాగాలి, ఎప్పుడు నమలాలి అని వంద ప్రశ్నలు. ఆ జాగ్రత్త కావాల్సిందే. నాకు మాత్రం ఏడాది దాటినవాళ్ల గురించే ఎక్కువ దిగులు. బరువు దిగి, షుగర్ దిగి, పాత బట్టలు వదులై, చుట్టాలంతా మెచ్చుకునే రోజుల్లోనే మందులు ఆగిపోతాయి, పరీక్షలు ఆగిపోతాయి, చిరుతిండి మెల్లగా మొదలవుతుంది.

మన దగ్గర ఎక్కువగా చేసేవి రెండు ఆపరేషన్లు. స్లీవ్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా చేసి, దాన్ని చిన్నపేగులో కొంత కిందికి కలుపుతారు. దాంతో తిన్నది పేగు మొదటి భాగాన్ని తాకకుండా పోతుంది. ఈ రెండింట్లో మీకు ఏది జరిగిందో మీకూ, ఇంట్లో కనీసం ఇంకొకరికీ తెలిసి ఉండాలి.

అపోహ: "ఏం తింటలేడు, నీరసమైతడు. జ్యూస్, గ్లూకోజ్ పొయ్యుండ్రి."

మొదటి రెండు వారాలు ద్రవాలే. ఆ తర్వాత మెత్తగా మెదిపినవి, ఆపైన మెత్తగా ఉడికినవి. మామూలు తిండికి వచ్చేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఒక్కో ఆసుపత్రి పద్ధతిలో కొంచెం తేడా ఉంటుంది, మీకు రాసిచ్చిన చార్టే మీకు లెక్క.

ఆ ద్రవాల్లో ఏముందన్నదే అసలు సంగతి. చక్కెర నీళ్లు, బత్తాయి జ్యూస్, గ్లూకోజ్ పొడి, చాక్లెట్ పొడి కలిపిన పాలు ఇస్తే కడుపు తియ్యదనంతో నిండుతుంది, కండకు మాత్రం ఏమీ అందదు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. వడకట్టిన మటన్ సూప్, పప్పు కట్టు, చిక్కటి మజ్జిగ, డాక్టర్ రాసిన ప్రొటీన్ పొడి మేలు. ఎండాకాలంలో మనవాళ్లు చెంబుల కొద్దీ అంబలి పోస్తారు. చల్లదనానికి అది మంచిదే, ప్రొటీన్ లెక్కలో మాత్రం దాన్ని వేసుకోవద్దు.

నీళ్లు గటగటా తాగడం ఇక కుదరదు. సీసా పక్కన పెట్టుకొని గుటక గుటకగా రోజు మొత్తంలో లీటరున్నర, రెండు లీటర్లు పూర్తి చేయాలి. కంచం పక్కన నీళ్ల గ్లాసు పెట్టడం మనకు మర్యాద. ఈ ఇంట్లో ఆ గ్లాసు తీసేయాలి. తినేటప్పుడు తాగొద్దు, తిన్న అరగంట తర్వాత మొదలుపెట్టాలి.

అపోహ: "అన్నం మొత్తానికే బంద్."

బంద్ ఏమీ లేదు, వరుస మారుతుంది. ముందు గుడ్డో, చేపో, చికెనో, పనీరో, గట్టి పప్పో తినాలి. తర్వాత కూర. ఇంకా చోటుంటే రెండు ముద్దల అన్నం. మన అలవాటు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది: పెద్ద అన్నం కుప్ప, మధ్యలో చారెడు కూర. చిన్న కడుపులో అన్నం ముందు పడితే ముద్దలా అతుక్కొని, ఛాతీలో పట్టేసినట్టై, తిన్నదంతా నురగతో పైకి వస్తుంది. కొందరికి చపాతీ, బ్రెడ్ అంతకంటే ఇబ్బంది పెడతాయి. జొన్న రొట్టెను పప్పులోనో పులుసులోనో నానబెట్టి తింటే చాలామందికి పడుతుంది. మటన్ ముక్క నారగా ఉంటే కొన్నాళ్లు ఆగండి. కొర్రమీను ముల్లు తక్కువ, కండ మెత్తన, అందుకే మాంసాహారం మళ్లీ మొదలుపెట్టేటప్పుడు నేను మొదట దాని పేరే చెప్తాను.

గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల పనీర్‌లో 18 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. శాకాహారులకు మీల్ మేకర్ పెద్ద ఆసరా, ఎండు మీల్ మేకర్‌లో దాదాపు సగం బరువు ప్రొటీనే. ఒక పూట భోజనానికి 20, 30 నిమిషాలు పెట్టండి. కొసరి కొసరి వడ్డించే అమ్మలకు, అత్తలకు నాదొక్కటే మనవి: "ఇంకొక్క ముద్ద బిడ్డా" అన్న మాట ఈ ఇంట్లో వాంతితో ముగుస్తుంది.

అపోహ: "కడుపే చిన్నగైంది. ఇగ ఏం తిన్నా బరువు పెరగదు."

నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది దీని మీదే. సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర నాటికి బరువు అన్నిటికంటే తక్కువకు వస్తుంది. ఆ తర్వాత కొంచెం పెరగడం చాలామందిలో ఉన్నదే, దానికి బెంబేలెత్తక్కర్లేదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం స్లీవ్‌లో పోతుంది, అందుకే మొదట్లో ఆకలే తెలియదు. రానురాను ఆకలి కొంత తిరిగొస్తుంది, కడుపు కూడా మొదటికంటే కాస్త ఎక్కువ పట్టనిస్తుంది.

అయినా పళ్లెంలో తిన్న తిండితో బరువు పెరిగినవాళ్లు నాకు తక్కువగా కనపడతారు. చేటు చేసేది చేతిలో పట్టుకొని తినేదే. గట్టి చికెన్ ముక్క నాలుగు తింటే కడుపు ఆగమంటుంది. సకినాలు, మురుకులు, మిక్చర్ అట్లా కాదు, నోట్లో పొడై జారిపోతాయి, కడుపు నిండిన కబురే అందదు. సంక్రాంతికి చేసిన సకినాల డబ్బా అటకెక్కకుండా టీవీ పక్కన ఉన్నదంటే, చిన్న కడుపు ఉన్న మనిషి కూడా సాయంత్రానికల్లా దాన్ని సగం చేయగలడు. రోజుకు నాలుగు చక్కెర చాయ్‌లు, వాటిలో ముంచిన బిస్కెట్లు కూడా అంతే. "నేను తినేదే ఇంత, మరి బరువెందుకు పెరిగింది మేడం" అని వచ్చినవాళ్లను భోజనం గురించి అడగను. రెండు భోజనాల మధ్య ఏం జరిగిందో అడుగుతాను, జవాబు సాధారణంగా అక్కడే దొరుకుతుంది. బరువు కొద్దికొద్దిగా పెరుగుతున్నప్పుడే రండి. సిగ్గుపడి ఏడాది మొహం చాటేసి, అంతా తిరిగొచ్చాక వస్తే ఇద్దరికీ కష్టం.

అపోహ: "విటమిన్ గోలీలు ఆర్నెల్లు వేసుకుంటే చాలు. ఇప్పుడు మంచిగనే ఉన్న కద."

జీవితాంతం వేసుకోవాలి. ఇందులో బేరం లేదు.

బాగున్నట్టు అనిపించడం ఇక్కడ ఏ సాక్ష్యమూ కాదు. బి12నే చూడండి: దాని నిల్వ కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా ఉంటుంది. ఈరోజు మానేస్తే రేపు ఏమీ తెలియదు. ఆ నిల్వ కరిగాక అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు, మతిమరుపు, నడకలో తడబాటు మొదలవుతాయి. నరం బాగా దెబ్బతిన్నాక ఇంజెక్షన్లు ఇచ్చినా పూర్తిగా కోలుకోకపోవచ్చు. బైపాస్‌లో ఐరన్, కాల్షియం ఎక్కువగా పీల్చుకునే పేగు భాగమే దారిలో లేకుండా పోతుంది. నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్లలో రక్తహీనత ఇంకా త్వరగా వస్తుంది. బీట్‌రూట్ జ్యూస్, మునగాకు పప్పు తినండి, మంచివే. గోలీ పని మాత్రం అవి చేయలేవు.

రెండు చిన్న విషయాలు. ఐరన్, కాల్షియం కలిపి ఒకేసారి మింగొద్దు, మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. ఐరన్‌ను చాయ్‌తో అసలే వద్దు. ఇక కాల్షియం సిట్రేట్ అని రాస్తే, షాపులో "గదీ గిదీ ఒకటే" అని కాల్షియం కార్బొనేట్ చేతిలో పెడుతుంటారు. కార్బొనేట్ ఒంటబట్టాలంటే కడుపులో ఆమ్లం బాగా ఉండాలి, ఆపరేషన్ తర్వాత అది తగ్గుతుంది. అట్ట మీద పేరు చదివి తీసుకోండి.

ఇప్పుడు చెప్పేది ఊరి ఆర్‌ఎంపీలు కూడా చదవాలని నా కోరిక. ఆపరేషన్ అయిన మనిషికి రోజుల తరబడి వాంతులవుతుంటే విటమిన్ బి1, అంటే థయమిన్, అడుగంటుతుంది. అప్పుడు బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడుకే ప్రమాదం. చూపు రెండుగా కనపడటం, తూలడం, మాటల్లో గందరగోళం వస్తే అది నీరసం కాదు, అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సిన స్థితి. ఒక్క రోజు దాటి వాంతులు ఆగకపోతే సెలైన్ బాటిల్ కంటే ముందు సర్జన్‌కు ఫోన్ వెళ్లాలి.

అపోహ: "షుగర్ పోయింది, బీపీ పోయింది."

చాలామందికి షుగర్ మందులు బరువు తగ్గకముందే, ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే తగ్గించాల్సి వస్తుంది. అంత మార్పు నిజంగానే ఉంటుంది. పాత మోతాదులో ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వేసుకుంటూ పోతే షుగర్ పడిపోయి మనిషి పడిపోతాడు. మీ అంతట మీరు ఆపేయడమూ తప్పే. డాక్టర్ చేత మార్పించుకోండి. నిదానంగా కరిగే ఎస్ఆర్, ఎక్స్ఆర్ రకం మాత్రలు బైపాస్ తర్వాత సరిగా పనిచేయకపోవచ్చు, అదీ అడగండి. షుగర్ తగ్గిందని చెప్పుకోండి, పోయిందనుకోవద్దు. కొన్నేళ్లకు తిరిగి వచ్చినవాళ్లున్నారు, ఏటా పరీక్ష ఉండాల్సిందే.

అపోహ: "ఒళ్లు నొప్పులకు ఒక సూది ఏపిచ్చుకుంటే ఏమైతది?"

బైపాస్ అయినవాళ్లకు చాలా అవుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కడుపు, పేగు కలిపిన చోట పుండ్లు పుట్టిస్తాయి. గోలీ మింగితేనే ముప్పు, సూదికి లేదు అనుకోవద్దు. బీడీ, సిగరెట్ కూడా అదే పని చేస్తాయి. మామూలు నొప్పికి పారాసిటమాల్ చాలు. "నాకు కడుపు బైపాస్ అయింది" అని ముందే చెప్పండి. ఉత్త బైపాస్ అంటే గుండెది అనుకుంటారు.

అపోహ: "ఎంట్రుకలు ఊడుతున్నయంటే ఆపరేషన్ ఖరాబైంది."

మూడో నెల నుంచి ఆరో నెల మధ్య ఊడతాయి, మళ్లీ వస్తాయి. ప్రొటీన్, ఐరన్ సరిచూసుకోండి. ఏడాది దాటాక కూడా ఊడుతుంటే రక్తపరీక్ష చేయించండి.

పండుగలు, దావత్‌లు, జాతర

దీనికి అపోహ అని పేరు పెట్టను, అందరూ అడిగేదే గనుక రాస్తున్నాను. సద్దుల బతుకమ్మ నాడు పెరుగు సద్ది రెండు చెంచాలు తింటే ఏమీ కాదు. నువ్వుల సద్ది, పల్లి సద్ది చిటికెడు. మలీద, అంటే రొట్టె, బెల్లం కలిపి చేసిన ముద్దల దగ్గర ఆగండి. బెల్లం, చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగితే గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, విరేచనాలు, కళ్లు తిరగడం వస్తాయి. డంపింగ్ అంటారు. బైపాస్‌లో ఎక్కువ, స్లీవ్‌లోనూ కొందరికి వస్తుంది. మేడారం బంగారం ప్రసాదం కూడా బెల్లమే కదా, కళ్లకద్దుకొని నాలుక మీద రవ్వంత వేసుకోండి. నిలువెత్తు బంగారం, అంటే తమ బరువంత బెల్లం, మొక్కుకున్నవాళ్లకు మాత్రం శుభవార్త: ఆపరేషన్ అయ్యాక తూగితే బెల్లం ఖర్చు తగ్గుతుంది. అమ్మవార్లు ఏమనుకుంటారో నేను చెప్పలేను.

కల్లు ఎంతైనా చెట్టు నీళ్లే కదా అంటారు. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, ఆల్కహాల్ తొందరగా, ఎక్కువగా రక్తంలోకి ఎక్కుతుంది. ఒకప్పుడు రెండు సీసాలకు ఎక్కనిది ఇప్పుడు గ్లాసుకే ఎక్కవచ్చు. దావత్ నుంచి బండి మీద తిరిగొచ్చేవాళ్లకు ఇది ప్రాణం మీది మాట. మొదటి ఏడాది పూర్తిగా వద్దు. తర్వాత కూడా వద్దనే నా సలహా.

కార్తీక సోమవారాలు, ఏకాదశి, రోజా లాంటి ఉపవాసాలు మొదటి ఏడాది, ఏడాదిన్నర వాయిదా వేయండి. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం మరీ ప్రమాదం.

అపోహ: "బరువు తగ్గింది కద, ఎంటనే పిల్లల కోసం చూసుకోండ్రి."

12 నుంచి 18 నెలలు ఆగాలి. బరువు వేగంగా దిగుతున్న శరీరంలో బిడ్డకు కావలసినవి అందవు. చిక్కేమిటంటే, బరువు దిగగానే పీసీఓడీ ఉన్న ఆడవాళ్లలో కూడా అండం విడుదల తిరిగి మొదలవుతుంది. ఏళ్ల తరబడి గర్భం రానివాళ్లకు అనుకోకుండా వస్తుంది. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు గనుక కాపర్ టీ లాంటివి మాట్లాడుకోండి. ఈ సంగతి భర్తతో పాటు అత్తమ్మకూ తెలియాలి, ఎందుకంటే ఒత్తిడి ఎక్కువగా అటునుంచే వస్తుంది. గర్భం వచ్చాక షుగర్ పరీక్షకని గ్లూకోజ్ నీళ్లు తాగిస్తారు. బైపాస్ అయినవాళ్లకు వాటితో డంపింగ్ రావచ్చు, గైనకాలజిస్టుకు ముందే చెప్పండి.

అపోహ: "భద్రకాళి బండ్ మీద నడిస్తే వేలాడే చర్మం దగ్గరికొస్తది."

రాదు. నడవండి, కండ నిలవడానికి కాస్త బరువులు కూడా ఎత్తండి, ఆరు వారాలు దాటి సర్జన్ సరేనన్నాక. చర్మం మరీ ఇబ్బంది పెడితే దానికి వేరే ఆపరేషన్ ఉంది, బరువు స్థిరపడ్డాక చేస్తారు.

అపోహ: "ఆపరేషనై మూడేండ్లైంది. ఈ కడుపునొప్పికి, దానికి సంబంధమే లేదు. గ్యాసే."

సంబంధం ఉండొచ్చు. త్వరగా బరువు తగ్గినవాళ్లలో పిత్తాశయంలో రాళ్లు ఎక్కువ. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, నూనె తిన్నాక పెరిగితే స్కానింగ్ చేయించండి. బైపాస్ అయినవాళ్లలో ఇంకోటుంది: ఆపరేషన్‌లో ఏర్పడి, లోపల కొవ్వు కరిగేకొద్దీ పెద్దవైన సందుల్లో పేగు ఇరుక్కోవడం. ఆపరేషనైన ఏళ్లకు కూడా జరుగుతుంది. మెలిపెట్టే నొప్పి వచ్చి, పోయి, మళ్లీ వస్తుంటే సోడా తాగి పడుకోవద్దు. మామూలు ఎక్స్‌రేలో అది దొరక్కపోవచ్చు, సీటీ స్కాన్ కావాలి, చూసేది సర్జన్ కావాలి. అర్ధరాత్రి ఏ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లినా డ్యూటీ డాక్టర్‌కు మీ పాత సంగతి తెలియదు. డిశ్చార్జ్ సమ్మరీ ఫోటో తీసి మీ ఫోన్‌లో, ఇంట్లో మరొకరి ఫోన్‌లో పెట్టుకోండి. ఆపరేషన్ పేరు, తేదీ, సర్జన్ నంబరు స్పష్టంగా కనపడేట్టు తీయండి.