అకెలార్రె: మేకపోతు పచ్చిక నేరంగా మారిన కథ

స్పెయిన్‌లో ఏదైనా పార్టీ సమావేశం అరుపులు కేకలతో రచ్చరచ్చ అయితే, గిట్టనివాళ్లు దాన్ని 'అకెలార్రె' అని వెక్కిరిస్తారు. మనం చేపల బజారులా ఉందన్నట్టు. నిఘంటువులో దాని అసలు అర్థం వేరు: మంత్రగత్తెలు రాత్రిపూట సైతాను ఎదుట జరిపే సభ. సాన్ సెబాస్టియన్ దగ్గర ఇగెల్డో కొండ మీద 3 మిషెలిన్ స్టార్లున్న ఒక రెస్టారెంట్ పేరు కూడా ఇదే. 1970ల్లో అర్జెంటీనాలో ఒక రాక్ బ్యాండ్ ఈ పేరే పెట్టుకుంది. ఇన్ని చోట్లు తిరిగిన మాట బయల్దేరింది మాత్రం పశువులు మేసే బయలు నుంచి.

ఇది బాస్క్ మాట. పిరెనీస్ కొండల పడమటి కొసన, స్పెయిన్, ఫ్రాన్స్‌లకు రెండు పక్కలా మాట్లాడే ఆ భాషకు చుట్టం అనదగ్గ భాష ఇంకోటి బతికి లేదు. 'అకెర్' అంటే మేకపోతు, 'లార్రె' అంటే పచ్చిక. కలిపితే మేకపోతు పచ్చిక. అందులో మంత్రమూ లేదు, మంత్రగత్తే లేదు, సభ అసలే లేదు. సభ అనడానికి బాస్క్‌లో 'బట్సార్' అని వేరే మాట ఉంది. మరి మేత బయలు సైతాను కొలువు ఎలా అయింది?

1608 చివర్లో నవార్ ప్రాంతంలోని సుగర్రముర్ది అనే చిన్న పల్లెకు ఒక యువతి తిరిగొచ్చింది. అప్పటిదాకా సరిహద్దుకు అవతల, ఫ్రాన్స్ వైపు ఊళ్లో ఇంటిపనికి కుదిరి ఉంది. అక్కడ మంత్రగత్తెల కూటాలకు వెళ్లాననీ, ఈ ఊరివాళ్లు జరిపే కూటాల్లోనూ ఫలానా ఫలానావాళ్లను చూశాననీ చెప్పింది. ఊరు అట్టుడికింది. చివరికి పేరుపడ్డవాళ్లు చర్చిలో అందరి ఎదుట తప్పు ఒప్పుకుని క్షమించమన్నారు, ఊరు క్షమించింది. రచ్చబండ దగ్గర తెగిపోయే తగవులాగే అది అక్కడితో తెగిపోయింది. కబురు లోగ్రోన్యోకు చేరకుండా ఉంటే ఇవాళ ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

లోగ్రోన్యోలో ఇన్‌క్విజిషన్ కొలువుంది. మతద్రోహాన్ని విచారించే కాథలిక్ న్యాయస్థానం అది. 1609 మొదట్లో నలుగురు ఆడవాళ్లను అక్కడికి పట్టుకెళ్లారు. వెనకాలే ఇంకొందరు తమంతట తామే కొండలు దాటి బయల్దేరారు. భయంతో లేనిది ఒప్పుకున్నాం, అదంతా అబద్ధం అని చెప్పుకోవడానికి. వాళ్లనూ లోపలేశారు. నిందితులు మాట్లాడేది బాస్క్. విచారించే ముగ్గురికీ ఆ భాష రాదు. మధ్యలో దుబాసీ, పక్కన రాతగాడు. సైతాను సభ అనే అర్థంలో 'అకెలార్రె' కాగితం మీదకు ఎక్కింది ఆ ఏడాదే, ఈ కొలువు రాతల్లోనే. అంతకుముందు ఆ అర్థంలో అది ఎక్కడా దొరకదనీ, ఆ అర్థం విచారణాధికారులు కల్పించిందేననీ డెన్మార్క్ పరిశోధకుడు గుస్తావ్ హెన్నింగ్‌సెన్ వాదించాడు. బాస్క్ పండితుడు మికెల్ అసుర్‌మెండి ఇంకో అడుగు వేసి, అసలు మాట మేకపోతుది కూడా కాదన్నాడు. 'అల్కా' అనే ఒక రకం గడ్డి పెరిగే బయలు 'అల్కెలార్రె' అనీ, ఒక్క అక్షరం జారితే గడ్డి కాస్తా మేకపోతైందనీ ఆయన లెక్క. ఈ తగవు ఇంకా తేలలేదు. నాకైతే గడ్డి వాదనే ముచ్చటగా అనిపిస్తుంది గానీ, ముచ్చట సాక్ష్యం కాదు కదా.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఈ మాటను తెలుగులోకి తేబోతే చెయ్యి ఆగిపోతుంది. మనకు చేతబడి ఉంది, బాణామతి ఉంది, చిల్లంగి ఉంది. కానీ అవి చేసేవాళ్లంతా కలిసే చోటుకు వాడుకలో పేరంటూ లేదు. మన అనుమానంలో చేతబడి చేసేవాళ్లు ఒంటరులు. తెలంగాణ పల్లెల్లో బాణామతి నెపంతో కొందరికి పళ్లు ఊడగొట్టిన దారుణాల వెనక ఉన్న లెక్క కూడా అదే: ఆ ఒక్క నోరు మంత్రం పలకకపోతే చాలు, పీడ పోతుంది. క్రూరత్వంలో మనం తక్కువ తినలేదు. కానీ మన అనుమానం ఎక్కువగా ఒక మనిషి దగ్గరో, ఒక ఇంటి దగ్గరో ఆగుతుంది. సభ అనే ఊహ అలా ఆగదు. సభ ఉందంటే అక్కడికి వచ్చినవాళ్లుంటారు. కాబట్టి పట్టుబడిన ప్రతి మనిషినీ వేసే తర్వాతి ప్రశ్న ఒకటే: అక్కడ ఇంకెవరెవర్ని చూశావు? ఒక్క పేరు పది అవుతుంది, పది వంద అవుతుంది. యూరప్‌లో మంత్రగత్తెల వేట ఊళ్లకు ఊళ్లను చుట్టెయ్యడంలో ఈ ప్రశ్న చేసిన పని చాలా ఉంది.

యూరప్‌లో మిగతాచోట్ల ఈ కూటానికి వాడిన పేర్లు ఇంకా ఘోరం. ఫ్రెంచివాళ్లది 'సబ్బా'. యూదుల విశ్రాంతి దినమైన సబ్బాత్ నుంచి తీసుకున్నది. దానికి ముందు యూదుల ప్రార్థనాలయం పేరుతో 'సినగాగ్' అని కూడా అన్నారు. పగ ఎవరి మీదో ఆ మాటే చెబుతుంది.

1610 నవంబర్ 7, 8 తేదీల్లో లోగ్రోన్యోలో బహిరంగంగా శిక్షలు ప్రకటించారు. చూడటానికి దాదాపు 30 వేలమంది వచ్చారని చెబుతారు. 11 మందికి దహనం. అందులో ఆరుగురిని సజీవంగా కాల్చారు. మిగతా ఐదుగురు అప్పటికే జైల్లో చనిపోయారు కాబట్టి వాళ్ల బొమ్మలు చేయించి, తవ్వి తీసిన ఎముకలతో సహా మంటలో వేశారు. సజీవంగా కాలిపోయిన ఆరుగురూ చివరిదాకా ఒప్పుకోనివాళ్లే. సభకు వెళ్లానని ఒప్పుకున్నవాళ్లలో ప్రాణాలతో ఉన్నవాళ్లు బతికిపోయారు. అలాంటప్పుడు మిగిలినవాళ్లు ఏం చెబుతారో ఊహించడం కష్టం కాదు. 1611లో ఆ ఊరి ముద్రాపకుడు హువాన్ దె మొంగాస్తోన్ ఈ తతంగాన్ని చిన్న పుస్తకంగా అచ్చేశాడు. అకెలార్రె అంటే బాస్క్‌లో మేకపోతు పచ్చిక అని అందులో అర్థం కూడా ఇచ్చాడు. మాట అలా జనంలోకి పడింది.

సరిహద్దుకు అవతల కథ ఇంకా ఘోరంగా నడిచింది. 1609లో బోర్డో జడ్జి పియెర్ ద లాంక్ర్ లబూర్ ప్రాంతం మీద పడి పదుల సంఖ్యలో మనుషుల్ని చంపించాడు. తర్వాత దాని మీద పుస్తకం రాశాడు. 1613 ముద్రణలో మడత పెట్టిన పెద్ద బొమ్మ ఒకటి ఉంది. బంగారు పీఠం మీద కొమ్ముల మేకపోతు, దాని ముందుకు తెస్తున్న చిన్న పిల్లవాడు, చీపుళ్లెక్కి గాల్లో తేలే ఆడవాళ్లు. ఇవాళ పిల్లల కథల పుస్తకాల్లో కనిపించే మంత్రగత్తె చుట్టాలంతా ఆ ఒక్క కాగితం మీదే కొలువుదీరారు.

లోగ్రోన్యో విచారణాధికారులు ముగ్గురిలో ఆఖర్న చేరినవాడు అలోన్సో దె సలసార్ ఫ్రియాస్. ఆయనకు మాత్రం లోపల అనుమానం మిగిలిపోయింది. 1611లో కొండ ఊళ్లన్నీ తిరగడానికి బయల్దేరాడు. 1,802 మంది వాంగ్మూలాలు తీసుకున్నాడు. వాళ్లలో 1,384 మంది పిల్లలు. చెప్పింది చెప్పినట్టు రాసుకుని ఊరుకోలేదు, పరీక్ష పెట్టాడు. మంత్రగత్తెల లేపనాలంటూ తెచ్చిచ్చిన 22 కుండల్ని వైద్యులకు చూపించాడు. ఒక్కటీ అసలుది కాదు. ఒకచోట పిల్లలు సెయింట్ జాన్ పండగ రాత్రి కూటం జరిగిందని చెప్పారు. ఆ రాత్రి సరిగ్గా అదే చోట ఆయన గుమస్తాలే ఉన్నారు. వాళ్లకు ఏమీ కనిపించలేదు. తిరిగొచ్చి పై అధికారులకు రాసిన నివేదికలో ఆయన తేల్చింది ఇదీ: మంత్రగత్తెల గురించి మాట్లాడటం, రాయడం మొదలయ్యేదాకా ఆ ఊళ్లలో మంత్రగత్తెలూ లేరు, వాళ్ల బారిన పడ్డవాళ్లూ లేరు. 1614 ఆగస్టులో మాడ్రిడ్‌లోని పై కొలువు కొత్త నియమాలు ఇచ్చింది. స్పెయిన్ ఇన్‌క్విజిషన్ చేతుల్లో మంత్రగత్తెల దహనాలు దాదాపు ఆగిపోయాయి. ఊరి కోర్టులు ఆగలేదు. కాటలోనియాలో అసలు ఉరితీతలు ఆ తర్వాతే, 1618 నుంచి 1622 దాకా జోరుగా సాగాయి.

నేరం పోయినా మాట పోలేదు. మొంగాస్తోన్ పుస్తకాన్ని 19వ శతాబ్దం మొదట్లో మొరాతిన్ అనే రచయిత ఎగతాళి వ్యాఖ్యలు జోడించి మళ్లీ అచ్చేయించాడు. ఆయన స్నేహితుడే చిత్రకారుడు గోయా. గోయా వేసిన అకెలార్రెలు రెండు. 1798 నాటిది ఒసునా ప్రభువు దంపతుల కోసం వేసిన చిన్న బొమ్మ. కొమ్ములకు ఆకుల దండ చుట్టుకున్న మేకపోతు, చుట్టూ పసిపిల్లల్ని చేతుల్లో పట్టుకున్న ముసలమ్మలు. కాస్త నవ్వు కూడా వస్తుంది. రెండోది 1820 తర్వాత ముసలితనంలో, చెవులు వినపడని రోజుల్లో తన ఇంటి గోడ మీదే వేసుకున్నది. ఇప్పుడు ప్రాడో మ్యూజియంలో ఉంది. అందులో మేకపోతు ఒట్టి నల్లని నీడ, పక్కకు తిరిగి కూర్చుంది. దాన్ని చూస్తున్న ముఖాల మీదే వెలుగంతా. నోళ్లు తెరుచుకుని, ఏది చెబితే అది నమ్మే ముఖాలు. భయం పుట్టేది మేకపోతును చూసి కాదు, ఆ జనాన్ని చూసి.

ఈ మధ్య మాట మళ్లీ చేతులు మారింది. స్పెయిన్‌లో మార్చి 8 ఊరేగింపుల్లో 'మీరు కాల్చలేకపోయిన మంత్రగత్తెల మనవరాళ్లం' అని అట్టల మీద రాసుకొస్తున్నారు. మహిళా సంఘాలు తమ సమావేశాలకు కావాలనే అకెలార్రె అని పేరు పెట్టుకుంటున్నాయి. కాటలోనియాలోని సెర్వెరా పట్నంలో 1978 నుంచి ఏటా ఆగస్టులో ఆ పేరుతో బాణసంచా జాతర జరుగుతుంది. 2022 జనవరిలో కాటలోనియా పార్లమెంటు ఆనాటి బాధితులను నిర్దోషులుగా గౌరవిస్తూ తీర్మానం చేసింది. ఆ మనవరాళ్ల నినాదంలో నాకు ఒక్క మెలిక కనిపిస్తుంది. సుగర్రముర్ది ఆడవాళ్లు కొండలు దాటి వెళ్లింది మేం మంత్రగత్తెలం కాదు అని చెప్పడానికే.

ఆ ఊళ్లో 2007 నుంచి మంత్రగత్తెల మ్యూజియం ఉంది. కాస్త దూరంలో 120 మీటర్ల పొడవున గుహ. మధ్యలోంచి వాగు పారుతుంది, దాని పేరు నరకపు వాగు. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లాలి. ఏటా ఆగస్టులో ఊరి పండగకు ఆ గుహలోనే బారుగా బల్లలు వేస్తారు. నేలలో పాతిన కర్రలకు మాంసం గుచ్చి, నిప్పుల సెగ మీద కాల్చి వడ్డిస్తారు. మేకపోతు కాదు, విత్తులు కొట్టిన పొట్టేలు.