ఐదు జతలు ఎందుకు చాలవు: ర్యాంకు పరీక్షల వెనక కథ

మిర్చి మీద థీసిస్ చేస్తున్న ఒకమ్మాయి ఈ మధ్య తన లెక్కలు పట్టుకుని వచ్చింది. గుంటూరు చుట్టుపక్కల ఐదు చేలు. ఒక్కో చేలో పక్కపక్కనే రెండు మళ్లు. ఒకదానికి మందు కొట్టారు, రెండోదానికి కొట్టలేదు. మందు కొట్టిన మడిలో పువ్వుకు ఉండే తామర పురుగులు ఐదు చోట్లా తగ్గాయి. ఒక్క చోట కూడా ఎదురు తిరగలేదు. అయినా, తేడాలను ర్యాంకులుగా మార్చి చూసే విల్‌కాక్సన్ పరీక్షలో పి విలువ (మందుకు ప్రభావమే లేకున్నా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే సంభావ్యత) 0.0625 వచ్చింది. మామూలుగా అది 0.05 లోపు ఉంటేనే తేడా ఉందంటారు. "0.05 దాటింది కదా, మందు పనిచేయనట్టేనా సార్?" అని టెన్షన్ పడుతోంది.

కాదు. ఐదు జతలతో, రెండు వైపులా చూసే ఆ పరీక్షలో అంతకంటే చిన్న విలువ రానే రాదు. మందుకు ఏ ప్రభావమూ లేదనుకుంటే ఒక్కో జతలో తేడా అటైనా ఉండొచ్చు, ఇటైనా ఉండొచ్చు. ఐదు జతలకు అలాంటి అమరికలు 32. అన్నీ ఒకే వైపు మొగ్గేవి అందులో రెండే. 32లో 2 అంటే 0.0625. ఆరో చేను ఉండి, అదీ అటే మొగ్గి ఉంటే 64లో 2, అంటే 0.031 వచ్చేది. ఎంత కష్టపడినా 0.05 కిందికి దిగదని చేలు ఎంచుకున్న రోజే ఖాయమైపోయింది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏటా ఇలాంటి ఫైళ్లు చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

"నాన్‌పారామెట్రిక్ పరీక్ష (డేటా ఫలానా ఆకారంలో ఉండాలని అడగని పరీక్ష) అయితే శాంపిల్ ఎంత చిన్నదైనా ఫరవాలేదు" అనే నమ్మకమే దీనికి మూలం. అది ఎలా పుట్టిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1710లో లండన్‌లో జాన్ ఆర్బత్‌నాట్ అనే వైద్యుడు 1629 నుంచి 82 ఏళ్ల బాప్టిజం లెక్కలు తీశాడు. ప్రతి ఏడూ ఆడపిల్లల కంటే మగపిల్లలే ఎక్కువ. అది యాదృచ్ఛికమే అయితే 82 సార్లు వరసగా బొమ్మే పడినట్టు. దాన్ని ఆయన దైవ సంకల్పం అనుకున్నాడు. మనం దాన్ని ఇప్పుడు సైన్ టెస్ట్ అంటున్నాం. సగటు, బెల్ వక్రం (మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా సమానంగా తగ్గే గంట ఆకారం) ఏవీ అక్కర్లేదు, ఎక్కువా తక్కువా అన్నది తెలిస్తే చాలు.

ఆ దారి చాలాకాలం మూలన పడింది. 1908లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి గాసెట్, 'స్టూడెంట్' అనే మారుపేరుతో చిన్న నమూనాల సగటులను చూసే టీ పరీక్ష ఇచ్చాడు. అయితే దానికి డేటా బెల్ వక్రంలా ఉండాలి. తామర పురుగులు అలా ఉండవు. ఒక పువ్వులో ఒక్కటీ కనబడదు, పక్క పువ్వు నిండా ఉంటాయి.

1945లో ఫ్రాంక్ విల్‌కాక్సన్ ముందున్నదీ ఇలాంటి సమస్యే. ఆయన అమెరికన్ సయనమిడ్ కంపెనీలో రసాయన శాస్త్రవేత్త. ఈగల మందులు రెండింటిని ఒక్కోదాన్ని ఎనిమిదేసి సార్లు పరీక్షించిన లెక్కలు తీసుకుని, అంకెలు పక్కన పెట్టి వాటి ర్యాంకులు (చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరస సంఖ్యలు) మాత్రమే కూడాడు. నాలుగు పేజీల వ్యాసం అది. (మన బాపట్ల వ్యవసాయ కళాశాల మొదలైందీ ఆ ఏడే.) 1947లో మాన్, విట్నీ దాన్ని విస్తరించారు. 1952లో క్రస్కల్, వాలిస్ మూడు, అంతకుమించిన గుంపులకు తెచ్చారు.

గుంటూరు వాళ్లకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, మచ్చు చూసి, డీలక్స్, బెస్ట్, మీడియం అంటారు. డీలక్స్‌కూ బెస్ట్‌కూ దూరం ఎంత, బెస్ట్‌కూ మీడియంకూ ఎంత అంటే ఎవరూ చెప్పలేరు. వరస మాత్రం తెలుసు. అలాంటి చోట సగటు తీయడం తప్పు, ర్యాంకే సరైన దారి.

ర్యాంకులకు మారితే సమాచారం పోతుందన్న భయం 1956లో చాలావరకు తీరింది. డేటా నిజంగా బెల్ వక్రమే అయినా, పెద్ద నమూనాల్లో విల్‌కాక్సన్ సామర్థ్యం టీ పరీక్షలో 95 శాతం ఉంటుందని అప్పటికే తెలుసు. రెండు గుంపులకూ తేడా ఒక జరుగుబాటు మాత్రమే అయితే (ఆకారం మారకుండా ఒక గుంపు మొత్తం పక్కకు జరిగినట్టు), డేటా ఏ ఆకారంలో ఉన్నా అది 86.4 శాతం కంటే దిగదని ఆ ఏడు హాడ్జెస్, లీమన్ నిరూపించారు. అంటే టీ పరీక్షకు ఎన్ని నమూనాలు కావాలో వేసిన లెక్కకు ఇంచుమించు 16 శాతం కలుపుకుంటే చాలు. కలుపుకోవడానికి ముందు ఆ లెక్కంటూ ఒకటి ఉండాలి. మనవాళ్లు మరిచిపోయింది దాన్నే.

ఆ లెక్కకు పునాది 1933లో నేమన్, పియర్సన్ వేశారు. ఉన్న తేడాను పట్టుకునే అవకాశం ఎంత అన్నది వాళ్ల ప్రశ్న. 1962లో జాకబ్ కోహెన్ ఒక మనస్తత్వ శాస్త్ర పత్రికలోని పరిశోధనలు పరిశీలిస్తే, ఓ మోస్తరు తేడాను పట్టే అవకాశం సగటున సగం కూడా లేదు. ర్యాంకు పరీక్షలకు సులువైన సూత్రం 1987లో నోథర్ ఇచ్చాడు. మందు కొట్టిన మడిలో పురుగు తక్కువగా ఉండే సంభావ్యత 0.7 అనుకుని, ఆ తేడాను పట్టే అవకాశం 80 శాతం ఉండాలంటే, జతలు కాని విడివిడి గుంపులకు 33 చొప్పున మళ్లు కావాలి. సంభావ్యత 0.6 అయితే దానికి నాలుగు రెట్లు. "30 ఉంటే చాలు" అని తరచూ వినబడే మాట ఈ సూత్రంలో ఎక్కడా లేదు.

ముందు చిన్నగా చూసి, ఎన్ని నమూనాలు కావాలో లెక్క కట్టే ఈ పద్ధతి మన దేశంలో పొలంలోనే పుట్టింది. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్ జనపనార సర్వేను 1937లో చిన్నగా మొదలుపెట్టి, అందులో కనబడిన హెచ్చుతగ్గులను, ఖర్చును చూసి తరువాతి నమూనాలు తేల్చాడు. ఆయన సంస్థ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో చేరిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు చిన్నప్పుడు నూజివీడు, నందిగామల్లో చదివినవారే.

ఆ అమ్మాయి వంద పువ్వులు లెక్కపెట్టింది. కానీ ఒకే మడిలోని పువ్వులు ఒకదానికొకటి చుట్టాలు, అందుకే వాటిని వందగా లెక్కవేయలేం. ఉన్నది ఐదు జతలే. ఐదు తేడాలనూ, 0.0625నూ ఉన్నదున్నట్టు రాయమన్నాను. వచ్చే సీజన్‌కు ఎన్ని చేలు కావాలో లెక్క కట్టడానికి ఆ ఐదు తేడాలే పనికొస్తాయి. నారు పోయకముందే మళ్లీ వస్తానంది.