కంటి గడ్డలో దొరికిన జన్యువు: ఆర్‌బీ1 వెనకున్న కథ

ఫ్లాష్‌ వేసి ఫొటో తీస్తే పసిబిడ్డ కంటిపాప తెల్లగా మెరుస్తుంది. పిల్లికన్నులే అనుకుని ఊరుకునేవాళ్లున్నారు. దయచేసి ఊరుకోకండి. అది రెటినోబ్లాస్టోమా కావచ్చు. కంటి లోపలి పొర అయిన రెటీనాలో పుట్టే క్యాన్సర్‌ అది. సుమారు 15 నుంచి 20 వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. హైదరాబాద్‌లోని ఎల్‌.వి.ప్రసాద్‌ నేత్ర వైద్య సంస్థలో దీనికి చికిత్స ఉంది.

ఒక బిడ్డకు ఈ జబ్బని తేలగానే డాక్టర్లు తోబుట్టువుల కళ్లు కూడా చూడాలంటారు, జన్యు పరీక్ష చేయిస్తే మంచిదంటారు. అసలే టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులకు ఇదెందుకో అర్థం కాదు.

19వ శతాబ్దంలో బ్రెజిల్‌ కంటి డాక్టర్‌ ఇలారియో డి గూవేయా ఒక పిల్లాడికి ఈ గడ్డ ఉన్న కన్ను తీసేశారు. పిల్లాడు బతికాడు, పెద్దయి పెళ్లి చేసుకున్నాడు. అతని కూతుళ్లలో ఇద్దరికి అదే జబ్బు వచ్చింది. వంశంలో దిగుతోందని అలా తెలిసింది. మరి వంశంలో ఎవరికీ లేని పిల్లలకు ఎందుకు వస్తోంది?

ఈ చిక్కు విప్పింది అమెరికా డాక్టర్‌, జన్యు శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్‌ నడ్సన్‌. ఆయన దగ్గర పెద్ద ల్యాబేమీ లేదు, హ్యూస్టన్‌లోని ఒక ఆస్పత్రిలో 48 మంది పిల్లల రికార్డులున్నాయి. రెండు కళ్లకూ వచ్చినవాళ్లకు జబ్బు చాలా ముందే బయటపడుతోందని, ఒక కంటికే వచ్చినవాళ్లకు ఆలస్యమవుతోందని వయసుల లెక్కలో కనిపించింది. 1971లో ఆయన చెప్పిందిది: గడ్డ పుట్టాలంటే కణంలోని జన్యువులకు రెండు దెబ్బలు తగలాలి. కొందరు పిల్లలు మొదటి దెబ్బతోనే పుడతారు, వాళ్లకు ఇంకొక్కటి చాలు. మిగతావాళ్లకు రెండూ ఒకే కణంలో పడాలి. కాగితం మీది లెక్కతో ఇంత దూరం చూడగలగడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఆ తర్వాతి ఏళ్లలో ఎక్కువమంది వెతికింది కణాన్ని పరిగెత్తించే జన్యువుల కోసం. నడ్సన్‌ మాట నిజమైతే ఇక్కడ పోయింది బ్రేకు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చిన రెండు ప్రతులూ పోతేనే బండి ఆగదు. 1983లో వెబ్‌స్టర్‌ కావెనీ బృందం గడ్డ కణాల్లో 13వ క్రోమోజోమ్‌లో సరిగ్గా అదే జరుగుతోందని చూపించింది. 1986లో కంటి డాక్టర్‌ థాడియస్‌ డ్రైజా, క్యాన్సర్‌ పరిశోధకుడు రాబర్ట్‌ వైన్‌బర్గ్‌ ల్యాబ్‌లోని స్టీఫెన్‌ ఫ్రెండ్‌ కలిసి ఆ జన్యువును పట్టుకున్నారు. అదే ఆర్‌బీ1. క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువుల్లో మొదట చేతికి చిక్కింది ఇదే.

ఇది తయారుచేసే ఆర్‌బీ అనే ప్రోటీన్‌లో 928 అమైనో ఆమ్లాలుంటాయి. కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్‌ఏకు నకలు తీసుకోవాలి. ఆ పని మొదలుపెట్టించే ఈ2ఎఫ్‌ అనే ప్రోటీన్లను ఆర్‌బీ గట్టిగా పట్టుకుని ఉంచుతుంది. ఎదగమని సంకేతం వచ్చినప్పుడు సైక్లిన్‌ డి, సీడీకే4, సీడీకే6 అనే ప్రోటీన్లు ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. పట్టు సడలుతుంది, ఈ2ఎఫ్‌ బయటపడుతుంది, నకలు మొదలవుతుంది. ఆర్‌బీ అసలే లేకపోతే సంకేతం రాకపోయినా కణం ముందుకు పోతుంది.

అంటే ఇది కంటికి మాత్రమే చెందిన జన్యువు కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌పీవీ వైరస్‌ కూడా తన ఈ7 ప్రోటీన్‌తో ఆర్‌బీనే దెబ్బతీస్తుందని 1989లో తేలింది. రొమ్ము క్యాన్సర్‌కు 2015లో అమెరికాలో అనుమతి పొందిన పాల్బోసిక్లిబ్‌ మాత్ర సీడీకే4, 6లను ఆపి, ఆర్‌బీ పట్టు సడలకుండా చూస్తుంది. కణంలో ఆర్‌బీ మిగిలి ఉంటేనే ఆ మందుకు పని.

ఇక తోబుట్టువుల సంగతి. ఆర్‌బీ1లో లోపం పుట్టుకతోనే ఉన్నవాళ్లకు పెద్దయ్యాక ఎముక క్యాన్సర్‌ ముప్పు కూడా ఉంటుంది. రేడియేషన్‌ ఆ ముప్పును పెంచుతుంది కాబట్టి డాక్టర్లు వీలైనంతవరకు దాన్ని తప్పిస్తారు. తల్లికో తండ్రికో ఆ లోపం ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ అది రావడానికి సగం అవకాశం ఉంది. జబ్బుపడిన బిడ్డలో దొరికిన లోపం తమ్ముడి రక్తంలో లేదని పరీక్షలో తేలితే, ఆ చిన్నవాడికి మళ్లీ మళ్లీ మత్తిచ్చి కళ్లు చూడాల్సిన పని ఉండదు.