గేటు నుంచి నూరు అడుగులు

అనంతపురం

పాపకూ, చిన్నోడికీ,

బడి గేటు కాడ అంగట్లో కూల్‌డ్రింకులు అమ్మకూడదంటున్నారు, అదేమన్నా సారాయా అబ్బా అని అడిగితిరి. సారాయి కాదులే. కానీ నిబంధన ఉండేది నిజమే. మన దేశ ఆహార భద్రత సంస్థ 2020లో తెచ్చింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువుండే తిండి బడి లోపలా, గేటుకు ఏ దిక్కునైనా 50 మీటర్ల లోపలా అమ్మకూడదు.

ఎందుకో తెలియాలంటే చీనీతోట (బత్తాయి తోట) కాడికి రావాల. డ్రిప్పులో బొట్టుబొట్టుగా పడే నీళ్లను వేరు నిమ్మళంగా తాగుతుంది. అవే నీళ్లు తూమెత్తి వదిలితే పాదులో నిలిచి వేరు కుళ్లుతుంది. చీనీకాయ తినడం డ్రిప్పు. తొనలు నమలాల, పీచు కడుపు నింపుతుంది, రెండో కాయకే చాలనిపిస్తుంది. కూల్‌డ్రింకు తూము. 250 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 27 గ్రాముల చక్కెర రెండు నిమిషాల్లో దిగిపోతుంది. పైగా తాగినదాన్ని కడుపు లెక్కపెట్టదు. నూరు కేలరీలు లోపలికి పోయినా మధ్యాహ్నం సంగటి ముద్ద చిన్నదేమీ కాదు. రోజూ ఇట్ల మిగిలేది కొవ్వయి కూర్చుంటుంది. (చెట్టుకూ మనిషికీ ఇంతవరకే పోలిక. చెట్టు తూము కాడికి నడిచిపోయి చిల్లర ఇవ్వదు.)

అంత చక్కెర ఉంటే వెగటు పుట్టదా అంటారేమో. ఒక గ్లాసు మామూలు నీళ్లలో ఏడు చెంచాల చక్కెర కలిపి ఒక్క గుటక వేయండి. పాకం! అందులోనే నిమ్మకాయ పిండి, ఐసు వేసి మళ్లీ చూడండి. పులుపూ చలీ తీపిని దాచేస్తాయి. గ్యాసు పోయి వెచ్చబడిన కూల్‌డ్రింకు తాగలేకపోయేది అందుకే.

సీసా వెనక చిన్నక్షరాల్లో 100 మిల్లీలీటర్లకు 11 గ్రాములని ఉంటే తక్కువే అనుకోవద్దు. 600 మిల్లీలీటర్ల సీసా అయితే ఆరుతో హెచ్చవేయాల. 66 గ్రాములు, అంటే పదహారు చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లనే రోజుకు 50 దాటొద్దంటుంది, 25 లోపుంటే ఇంకా మేలంటుంది.

ఈ తూముకు షట్టరు దించాలని తలా ఒక దోవ పట్టినారు. న్యూయార్కు నగరం 2012లో హోటళ్లలో, సినిమా హాళ్లలో తీపి పానీయాలను 16 ఔన్సుల (అర లీటరుకు కాస్త తక్కువ) కంటే పెద్ద గ్లాసుల్లో అమ్మొద్దనింది. అమలు కాకముందే కోర్టు కొట్టేసింది. అమలైనా రెండు గ్లాసులు కొనేవాణ్ణి ఎవరాపుతారు? మెక్సికో 2014లో లీటరుకు ఒక పెసో (అక్కడి రూపాయి) పన్నేసింది. నాకు నచ్చింది 2018లో మొదలైన బ్రిటన్ పద్ధతి. మొదలైనప్పుడు 100 మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాముల లోపుంటే పన్ను లేదు, 5 నుంచి 8 లోపైతే లీటరుకు 18 పెన్నీలు, 8 ఆపైనైతే 24 వేసినారు. ఆ మెట్లు చూసి కంపెనీలే ముందుగా చక్కెర తగ్గించుకున్నాయి. మన దగ్గర గ్యాసు కలిపిన తీపి పానీయాలన్నిటికీ ఒకటే 40 శాతం జీఎస్టీ. తగ్గించినోడికీ అదే దెబ్బ అయితే ఎవడు తగ్గిస్తాడు?

మన నన్నారి సర్బత్‌ను కూడా వెనకేసుకు రావద్దు. వేరుది వాసన, తక్కిందంతా చక్కెర పాకమే. సిరప్పు సగం పోసి, నిమ్మరసం, సబ్జా ఎక్కువ వేయమని అడగండి.

రేపు బడి వదిలినాక గేటు నుంచి అంగళ్ల వైపు నడవండి. మీ అడుగు అర మీటరనుకుంటే, ఆ 50 మీటర్లు నూరు అడుగులు. ఆ లోపల ఎన్ని ఫ్రిజ్జులున్నాయో, వాటిలో మంచినీళ్ల సీసా ఏ అరలో పెట్టినారో చూసి నాకు రాయండి.

మీ అబ్బ